ముక్క పరీక్ష అయ్యాక మళ్లీ ఇంకో పరీక్ష ఎందుకు?

మెడ మీద గడ్డ లేచిందనో, చంకలో బిళ్ళ కట్టిందనో మీ ఇంటి మనిషిని ఆసుపత్రికి తీసుకొచ్చారు. డాక్టరు గారు చూసి ముక్క పరీక్ష, అనగా బయాప్సీ, చేయించారు. వారం రోజులు ఎదురుచూశారు. తీరా రిపోర్టు చేతికి వచ్చాక చూస్తే జబ్బు పేరు ఖచ్చితంగా రాసి లేదు. అడుగున మాత్రం "ఐ.హెచ్.సి. చేయించవలెను" అని ఒక వాక్యం ఉంది. దానికి మళ్లీ డబ్బు, మళ్లీ కొన్ని రోజులు.

ఈ మాట విన్నప్పుడు రోగి బంధువులు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. "ఇన్నాళ్లూ ఏం చూసినట్టు?" "వీళ్లకు తెలియక పంపిస్తున్నారా?" "డబ్బుల కోసం చెబుతున్నారా?" అడగడంలో తప్పు లేదు. సమాధానం ఎవరూ నిదానంగా చెప్పకపోవడం వల్లనే కొందరు ఈ దశలో విసుగు చెంది, రిపోర్టును సంచిలో పెట్టుకొని ఇంటికి వెళ్లిపోతారు. మళ్లీ వచ్చేసరికి రెండు మూడు నెలలు గడిచిపోతాయి. ఆ నష్టం జరగకూడదనే ఈ పరీక్ష సంగతి వివరంగా రాస్తున్నాము.

మెడ గడ్డ అంటే ఒక్క జబ్బు కాదు

కుప్పం, పుంగనూరు, మదనపల్లె ప్రాంతాలలో మెడ గడ్డ అనగానే పెద్దవాళ్లు ముందుగా క్షయ అంటారు. అందుకు కారణం ఉంది. మెడ బిళ్ళలకు వచ్చే క్షయ మన దగ్గర కొత్తది కాదు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో పలు క్రైస్తవ మిషన్లు కలిసి 1915లో క్షయ శానిటోరియం తెరిచినప్పటి నుండి ఈ జబ్బు పేరు ఇక్కడి ప్రతి ఇంటికీ తెలుసు. నేటికీ మెడ బిళ్ళలలో చాలా వాటికి కారణం క్షయగానో మామూలు ఇన్ఫెక్షనుగానో తేలుతుంది. అలా తేలితే క్షయకు ఉచితంగా మందులు ఉన్నాయి, నయమవుతుంది.

అయితే ముక్కను సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు క్షయ లక్షణాలు లేకుండా, క్యాన్సర్ కణాలే కనిపిస్తే? అప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. ఉదాహరణకు పుంగనూరు దగ్గర ఒక పల్లెలో టమాటా పండించే యాభై ఏళ్ల రైతు అనుకోండి. మెడ గడ్డలో చెడు కణాలు ఉన్నాయి. అవి రెండు దారులలో వచ్చి ఉండవచ్చు. ఒకటి, ఆ బిళ్ళలో ఉండే తెల్ల రక్తకణాలే చెడిపోయి ఉండవచ్చు. దానిని లింఫోమా అంటారు. రెండు, నోటిలోనో గొంతులోనో ఊపిరితిత్తిలోనో పుట్టిన క్యాన్సర్ అక్కడి నుండి బయలుదేరి మెడ బిళ్ళలో వచ్చి కూర్చొని ఉండవచ్చు. దానిని కార్సినోమా అంటారు.

పైకి రెండూ ఒకే గడ్డ. చికిత్స మాత్రం ఒకటి కాదు. లింఫోమాకు ముఖ్యంగా మందులతో చికిత్స చేస్తారు. వాటిలో పూర్తిగా నయమయ్యే రకాలు ఎన్నో ఉన్నాయి. నోటి నుండి, గొంతు నుండి వచ్చిన దానికి ఆపరేషను, రేడియేషను, అవసరమైతే వాటితోపాటు మందులు. ఒకదానికి ఇవ్వవలసిన చికిత్స రెండవదానికి ఇస్తే రోగి మందుల బాధలన్నీ పడతాడు, గడ్డ మాత్రం లొంగదు. కాబట్టి "క్యాన్సర్ అని తెలిసింది కదా, మొదలుపెట్టండి" అని బంధువులు తొందరపెట్టినా డాక్టరు ఆగుతారు. ఏ క్యాన్సరో తెలియాలి.

కంటికి కనిపించేది ఎంత?

కణం ఆరోగ్యంగా ఉన్నప్పుడు దాని రూపం చూసే పాథాలజీ డాక్టరు గుర్తుపట్టగలరు. చర్మ కణం పెంకు పేర్చినట్టు ఉంటుంది, గ్రంథి కణం గుండ్రంగా వరుస కడుతుంది. క్యాన్సర్ మరీ ముదురు రకమైతే ఆ పోలికలన్నీ పోతాయి. చిన్న చిన్న నీలి చుక్కల గుంపులా అన్నీ ఒకటిగానే కనబడతాయి. ఎంత అనుభవం ఉన్న డాక్టరైనా అక్కడ "ఇది ఫలానా" అని ఊహ మీద రాయకూడదు. ఐ.హెచ్.సి. రాశారంటే తెలియక రాశారని కాదు, తెలియకుండా పేరు పెట్టకూడదని రాశారు.

అలాంటి కణాలను పట్టించేది వాటి లోపలి కట్టడం.

కణం లోపలి బద్దల అల్లిక

మన శరీరంలో కణం అంటే నీళ్లు నింపిన తిత్తి కాదు. దాని లోపల కూడా ఒక ఎముకల గూడు వంటిది ఉంది. దాన్ని కణ అస్థిపంజరం అంటారు. ఎముక కాదు, ప్రోటీన్ దారాలతో అల్లిన గూడు. పట్టుపురుగులు పెంచే వారింట్లో చంద్రికలు చూసే ఉంటారు. వెదురు బద్దలు ఆ తట్టకు ఆకారాన్ని, బలాన్ని ఇచ్చినట్టే ఈ దారాలు కణానికి ఇస్తాయి. ఈ పోలిక మేము ఊరికే తెచ్చింది కాదు. ఆ దారాలలో ఒకదానికి 1978లో జర్మనీ శాస్త్రవేత్తలు విమెంటిన్ అని పేరు పెట్టారు. లాటిన్ భాషలో బుట్టలు అల్లడానికి వాడే వంగే బద్దలకు ఉన్న మాట నుండి ఆ పేరు వచ్చింది.

ఈ దారాలు మూడు రకాలు. వాటిలో మధ్యరకం దారం మనకు ముఖ్యం. దాని మందం మిల్లీమీటరులో లక్షో వంతు. తల వెంట్రుక దానికంటే ఏడు వేల రెట్లకు పైగా లావు. మిగిలిన రెండు రకాలు దాదాపు అన్ని కణాలలోనూ ఒకే తీరుగా ఉంటాయి. మధ్యరకం దారం అలా కాదు, కణం పుట్టిన చోటును బట్టి మారుతుంది. చర్మం, నోరు, పేగు, ఊపిరితిత్తి గొట్టాలు, రొమ్ము పాల గ్రంథులు, ఇలా శరీరానికి పైపొరగానో లోపొరగానో ఉండే కణాలలో అది కెరటిన్. కండరాలలో డెస్మిన్. కణాలను కలిపి ఉంచే మెత్తటి కణజాలంలోనూ తెల్ల రక్తకణాలలోనూ విమెంటిన్. నరాలకు వేరే రకం, మెదడులోని ఆధార కణాలకు మరొక రకం.

కెరటిన్ మీకు కొత్తది కాదు. గోరు అదే, వెంట్రుక అదే, ఆవు కొమ్ము పైపొర అదే. ఆ పేరు కూడా కొమ్ము అనే అర్థమున్న గ్రీకు మాట నుండి వచ్చింది. చర్మ కణాల లోపల కూడా దాని జాతి దారాలే అల్లుకొని ఉంటాయి. పుట్టుకతో ఆ దారంలో లోపమున్న పిల్లలకు కొద్దిగా ఒరుసుకుంటే చాలు, చర్మం బొబ్బలెక్కిపోతుంది. ఆ అల్లిక ఎంత పని చేస్తుందో దీనిని బట్టి అర్థం చేసుకోవచ్చు.

ఇప్పుడు అసలు మాట. కణం క్యాన్సర్‌గా మారి రూపం పోగొట్టుకున్నా, పుట్టిన చోటు వదిలి మెడకో కాలేయానికో వలస పోయినా, ఈ దారాన్ని సాధారణంగా వదలదు. బెంగళూరులో పదేళ్లు ఉండి బట్టలు, నడక మార్చుకున్న కుప్పం మనిషి నోరు విప్పితే అరవం, కన్నడం కలిసిన మన యాస పట్టించినట్టు, మెడ బిళ్ళలో దాగిన కణాన్ని దాని కెరటిన్ పట్టిస్తుంది. తెల్ల రక్తకణాలలో కెరటిన్ ఉండదు. కాబట్టి ఆ రైతు గడ్డలోని చెడు కణాలలో కెరటిన్ ఉందా, లేదా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే దారి చాలావరకు తేలిపోతుంది.

దారాన్ని వెతికిపెట్టే యాంటీబాడీ

అంత సన్నటి దారాన్ని ఎలా చూస్తారు? నేరుగా చూడరు. దానికే వెళ్లి అతుక్కునే ఒక పదార్థాన్ని పంపి, అది ఎక్కడ అతుక్కుందో రంగుతో తెలుసుకుంటారు. ఆ పదార్థమే యాంటీబాడీ.

పాముకాటు మందు గురించి మీకు తెలుసు. గుర్రానికి పాము విషాన్ని కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. దాని రక్తంలో ఆ విషాన్ని పట్టుకునే యాంటీబాడీలు తయారవుతాయి. వాటిని శుద్ధి చేసి మనకు సూదిమందుగా ఇస్తారు. ల్యాబ్ యాంటీబాడీ మూలం కూడా ఇదే. విషానికి బదులు కెరటిన్, గుర్రానికి బదులు ఎలుక లేదా కుందేలు. ఈ యాంటీబాడీని రోగికి ఎక్కించరు, గాజు పలక మీది ముక్క మీద చుక్కలుగా వేస్తారు. రోగి ఒంటికి దీనితో ఏ సంబంధమూ లేదు.

మొదట్లో ఒక చిక్కు ఉండేది. జంతువు రక్తం నుండి తీసిన యాంటీబాడీ ఒకసారి ఉన్నట్టు మరోసారి ఉండేది కాదు. 1975లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో సెసార్ మిల్‌స్టీన్, జార్జెస్ కోలర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు యాంటీబాడీ తయారుచేసే ఎలుక కణాన్ని, చావు లేకుండా పెరిగే క్యాన్సర్ కణంతో కలిపి ఒక్కటిగా చేశారు. ఆ జంట కణం ఒకే రకం యాంటీబాడీని ఎన్నేళ్లయినా తయారు చేస్తూనే ఉంటుంది. 1984లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. క్యాన్సర్ కణానికి ఉన్న ఆ మొండితనాన్నే క్యాన్సర్‌ను గుర్తించే పనికి వాడుకోవడం ఇందులోని విశేషం. మీ రిపోర్టులో "పాన్ సైటోకెరటిన్" అనో "ఏ.ఇ.1/ఏ.ఇ.3" అనో కనిపిస్తే, అది ఈ పద్ధతిలో తయారైన రెండు యాంటీబాడీల మిశ్రమం. 1980ల నుండి ప్రపంచమంతటా వాడుతున్నారు. కెరటిన్లు అనేక రకాలు కాబట్టి ఒక్కదానితో కాకుండా రెంటితో కలిపి వల వేస్తారు.

ల్యాబ్‌లో జరిగేది కొంచెం చెబుతాము, ఎందుకంటే రోజులు ఎందుకు పడతాయో అప్పుడు తెలుస్తుంది. మీ వారి నుండి తీసిన ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, తర్వాత మైనంలో పోసి చిన్న దిమ్మె చేస్తారు. దాన్నే బ్లాకు అంటారు. దాని నుండి మిల్లీమీటరులో మూడు నాలుగు వేల వంతుల మందాన పొర కోసి గాజు పలక మీద పరుస్తారు. మైనం కరిగించి తీసేస్తారు. ఫార్మలిన్ ముక్కను కుళ్లకుండా కాపాడుతుంది గాని ప్రోటీన్లను ఒకదానికొకటి బిగించేస్తుంది, యాంటీబాడీకి అందనివ్వదు. ఆ బిగువు సడలడానికి పలకలను ప్రత్యేకమైన ద్రావణంలో పెట్టి బాగా వేడి చేస్తారు. 1991లో ఈ వేడి చేసే ఉపాయం తెలిసిన తర్వాతనే పాత బ్లాకుల మీద కూడా పరీక్ష బాగా పనిచేయసాగింది. చాలా ల్యాబ్‌లలో దీనికి వాడేది మన వంటింట్లో ఉండే ప్రెషర్ కుక్కరే అంటే మీరు నమ్మకపోవచ్చు.

తర్వాత యాంటీబాడీ చుక్క వేసి, కడిగి, దాన్ని పట్టుకునే రెండవ యాంటీబాడీ వేస్తారు. ఈ రెండవదానికి ఒక ఎంజైము తగిలించి ఉంటుంది. ముల్లంగి కుటుంబానికి చెందిన ఒక ఘాటైన దుంప నుండి తీసిన ఎంజైము అది. రంగు మందు పోయగానే ఎంజైము ఉన్న చోటల్లా గోధుమ రంగు తేలుతుంది. మిగిలిన భాగానికి నీలి రంగు అద్దుతారు. మన శేషాచలం ఎర్రచందనం లాగే చేవ నుండి రంగునిచ్చే ఒక అమెరికా ఖండపు చెట్టు నుండి ఆ నీలి రంగు వస్తుంది. పక్కనే, ఫలితం ముందే తెలిసిన మరో ముక్కకు కూడా ఇదే పరీక్ష చేసి సరిచూసుకుంటారు. అది సరిగా రాకపోతే మొత్తం మళ్లీ మొదటి నుండి చేయవలసిందే.

"పాజిటివ్" అనే మాట చూసి కంగారు పడకండి

ఈ విషయం ప్రత్యేకంగా చెప్పాలి. రిపోర్టులో "సైటోకెరటిన్ పాజిటివ్" అని చూసి, రక్త పరీక్షలో పాజిటివ్ వచ్చినట్టు భావించి ఏడ్చేవారు ఉన్నారు. "నెగెటివ్" అని చూసి జబ్బు లేదని సంతోషించి ఇంటికి వెళ్లేవారూ ఉన్నారు. రెండూ పొరపాటే. ఇక్కడ పాజిటివ్ అంటే గోధుమ రంగు పట్టింది, అనగా ఆ దారం అక్కడ ఉంది అని మాత్రమే అర్థం. మీ చేతి చర్మం ముక్క తీసి చూసినా కెరటిన్ పాజిటివ్ అనే వస్తుంది. నెగెటివ్ అంటే ఆ దారం కనబడలేదని అర్థం. లింఫోమాలో కెరటిన్ సాధారణంగా నెగెటివ్‌గా ఉంటుంది, జబ్బు మాత్రం ఉంటుంది. చెడు కణాలా కాదా అన్నది వాటి రూపం, అమరిక చూసి మొదటే నిర్ణయిస్తారు. యాంటీబాడీ చెప్పేది అవి ఏ వంశానివి అని.

ఒక్క యాంటీబాడీ మాటను నమ్మి తీర్పు చెప్పరు కూడా. విమెంటిన్ ఎన్నో రకాల గడ్డలలో కనిపిస్తుంది కాబట్టి అది ఒక్కటే ఏమీ తేల్చదు. కండరాల గడ్డలలో కొన్నిటికి కెరటిన్ రంగు కొద్దిగా పట్టవచ్చు. మరీ ముదిరిన కార్సినోమాలో కెరటిన్ అక్కడక్కడా మాత్రమే ఉండవచ్చు. అందుకని నాలుగైదు యాంటీబాడీలు కలిపి వేస్తారు. కెరటిన్, తెల్ల రక్తకణాల గుర్తు, డెస్మిన్, ఇలా. బిల్లులో ఒక్కొక్క దానికి వేరుగా రాసి ఉండడం చూసి అనుమానించకండి. చిన్న పిల్లల్లో ఇది ఇంకా అవసరం. వారి గడ్డలు సూక్ష్మదర్శినిలో ఒకే తీరు చిన్న నీలి కణాలుగా కనిపిస్తాయి. అందులో డెస్మిన్ ఉంటే కండర కణాల క్యాన్సర్ వైపు చూస్తారు. దాని మందులు వేరు, లింఫోమా మందులు వేరు.

కాలేయంలో గడ్డ కనిపించి, అది ఎక్కడి నుండి వచ్చిందో తెలియనప్పుడు కూడా కెరటిన్లే దారి చూపుతాయి. కెరటిన్లకు అంకెలు ఉన్నాయి. 20వ రకం ఉండి 7వ రకం లేకపోతే చాలావరకు పెద్దపేగు వైపు వెతుకుతారు. 7 ఉండి 20 లేకపోతే ఊపిరితిత్తి, రొమ్ము వంటివి చూస్తారు. దీనివల్ల అవసరం లేని స్కానింగులు, ఎండోస్కోపీలు కొన్ని తప్పుతాయి.

మీ చేతిలో ఉన్న పనులు

ఈ పరీక్ష బాగా రావడం సగం ల్యాబ్ చేతిలో, సగం దాని ముందు జరిగిన పనిలో ఉంటుంది. కొన్నిసార్లు ఆ పని బంధువుల చేతికే వస్తుంది. ఒక చోట ముక్క తీసి సీసాలో పెట్టి, వేరే ల్యాబ్‌కు మీ చేతే పంపించవచ్చు. సీసాలో ఉన్నది ఫార్మలినేనా అని అడగండి. సెలైన్ నీళ్లలోనో ఖాళీ సీసాలోనో ఉంచిన ముక్క మన ఎండలకు కొన్ని గంటల్లోనే పాడవుతుంది, తర్వాత ఎంత మంచి యాంటీబాడీ వేసినా ఫలితం నమ్మదగ్గది కాదు. ముక్క మునిగి, దానికి పది రెట్లు ఫార్మలిన్ ఉండాలి. ఆ ఘాటైన నీరు విషం. మూత బిగించి, పిల్లలకు అందకుండా, తినే వస్తువుల సంచిలో పెట్టకుండా తీసుకువెళ్లండి. ఆ రోజే ఇవ్వండి.

బెంగళూరుకో వేలూరుకో తిరుపతికో వెళ్లమని చెప్పినప్పుడు చాలామంది రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకొని వెళ్తారు. కుప్పంలో తెల్లవారుజామున రైలెక్కి అక్కడికి చేరాక, "బ్లాకు ఏది?" అని అడుగుతారు. మళ్లీ వెనక్కి రావాలి, లేదా రోగి మళ్లీ కోత పెట్టించుకోవాలి. బయలుదేరే ముందే ముక్క పరీక్ష చేసిన ల్యాబ్‌లో అర్జీ ఇచ్చి మైనం బ్లాకు, గాజు పలకలు, రిపోర్టు మూడూ తీసుకోండి. సంతకం పెట్టించుకుంటారు, ఆ రసీదు దాచుకోండి. బ్లాకు మైనం కదా, ఎండలో నిలిపిన కారులో, బస్సు ఇంజను పక్కన పెట్టకండి. అందులో ఉన్నది మీ వారి అసలు ముక్క. ఒక్క బ్లాకు నుండి ఎన్నో పొరలు కోయవచ్చు, ఏళ్ల తర్వాత అవసరమైనా పనికొస్తుంది. పని అయ్యాక మిగిలినది తిరిగి అడిగి తీసుకోవడం మరచిపోకండి.

ఇంకొక ముఖ్యమైన జాగ్రత్త. గడ్డ కరగడానికని ఊళ్లో ఇచ్చే మాత్రలలో స్టెరాయిడ్లు ఉంటాయి. లింఫోమా గడ్డ వాటికి తాత్కాలికంగా తగ్గిపోతుంది. ఇంట్లో అందరూ నయమైందనుకుంటారు. ఆ సమయంలో తీసిన ముక్కలో చెడు కణాలు సరిగా దొరకవు, జబ్బు మాత్రం లోపల మిగిలే ఉంటుంది. ముక్క పరీక్ష పూర్తయ్యేవరకు డాక్టరుకు తెలియకుండా ఏ మాత్రలూ వేయకండి. ఇప్పటికే వేసి ఉంటే దాచకండి, పేరు తెలియకపోతే మాత్రల అట్ట అయినా తెచ్చి చూపండి. పసరు కట్టినా, వాత పెట్టినా చెప్పండి. ఎవరూ తిట్టరు.

"ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుంది" అనే భయంతో పెద్దవాళ్లు అడ్డుపడతారు. పద్ధతి ప్రకారం తీసినప్పుడు అలా జరగడం బహు అరుదు. పేరు తెలియకుండా నెలలు గడపడం వల్ల జరిగే నష్టం దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఖర్చు విషయం మొహమాటపడకుండా ముందే అడగండి. ఎన్ని యాంటీబాడీలు వేస్తారు, ఒక్కొక్కదానికి ఎంత, ఇక్కడే చేస్తారా, బయటకు పంపుతారా, ఎన్ని రోజులు పడుతుంది అని. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉంటే ఆసుపత్రిలోని సహాయ కేంద్రంలో ఈ పరీక్ష అందులోకి వస్తుందేమో చూపించుకోండి. ఫోను నంబరు సరైనది ఇవ్వండి. రిపోర్టు వచ్చి, చెప్పడానికి ఫోను చేస్తే ఎవరూ ఎత్తని సందర్భాలు ఎన్నో.

రిపోర్టు కోసం ఎదురుచూసే రోజులలో నొప్పికి, ఆకలికి, నిద్రకు మందులు ఆపనవసరం లేదు, అవి డాక్టరు ఇస్తారు. ఈ లోపల ఊపిరి ఆడకపోయినా, మింగడం కష్టమైనా, గడ్డ నుండి రక్తం కారినా, జ్వరం తగ్గకపోయినా, రిపోర్టు రాలేదు కదా అని ఇంట్లో కూర్చోకండి. ఏ వేళ అయినా అత్యవసర విభాగానికి తీసుకురండి. వచ్చేటప్పుడు మొదటి రిపోర్టు, బ్లాకు రసీదు వెంట తెచ్చుకోండి.